వాన కబురు చెప్పబోయే మీకు

 

ఇవాళ పట్టాలు అందుకుంటున్న వ్యవసాయ విద్యార్థులారా, మీలో చాలామంది వ్యవసాయ అధికారులుగా, కృషి విజ్ఞాన కేంద్రాల ఉద్యోగులుగా ఊళ్ళకు వెళ్తారు. ఎరువుల కంటే, పురుగుమందుల కంటే ముందు రైతు మిమ్మల్ని అడిగేది ఒకటుంది. "వాన పడుద్దంటారా మేడమ్?" దానికి నిజాయితీగా బదులివ్వాలంటే, ఆ బదులు ఎక్కడ, ఎలా తయారవుతుందో మీకు తెలియాలి.

మన టైము ప్రకారం ఉదయం 5.30, సాయంత్రం 5.30 లెక్కల కోసం ప్రపంచమంతటా వందలాది కేంద్రాల నుంచి బెలూన్లు ఇంచుమించు ఒకేసారి పైకి లేస్తాయి. విశాఖపట్నం, హైదరాబాద్‌ల నుంచీ లేస్తాయి. బెలూన్‌కు వేలాడే చిన్న పెట్టె ఉష్ణోగ్రత, తేమ, పీడనం కొలిచి రేడియోలో కిందికి పంపుతూ పోతుంది. అది కొట్టుకుపోయే తీరును బట్టి గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో తెలుస్తుంది. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి బెలూన్ ఉబ్బి పగిలిపోతుంది. వీటికి ఉపగ్రహాలు, రాడార్లు, ఓడలు, సముద్రంలో తేలే బోయాలు ఇచ్చే కొలతలు తోడవుతాయి. అక్కడి నుంచి సూపర్ కంప్యూటర్ భౌతికశాస్త్ర సూత్రాలతో కొన్ని నిమిషాల తర్వాతి స్థితిని లెక్కగడుతుంది. ఆ ఫలితం మీద మరికొన్ని నిమిషాలు. అలా పది రోజుల దాకా.

చిక్కు ఆ మొదటి కొలతల్లోనే ఉంది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక చిన్న వాతావరణ నమూనాను కంప్యూటర్‌పై నడుపుతూ, ఒక లెక్కను మళ్ళీ చూద్దామని మధ్యలోంచి మొదలుపెట్టారు. యంత్రం లోపలి సంఖ్య 0.506127. కాగితం మీద అచ్చయింది 0.506. ఆయన కాగితం మీదిదే టైపు చేశారు. కాసేపు రెండు లెక్కలూ కలిసి నడిచాయి. తర్వాత విడిపోయి, చివరికి ఒకదానికొకటి పోలికే లేకుండా పోయాయి. వెయ్యింట ఒక వంతు కూడా లేని తేడా అది! మన కొలతల్లో అంతకు మించిన తేడాలే ఉంటాయి. పైగా బంగాళాఖాతం మీద బెలూన్ ఎగరేసే కేంద్రాలు చాలా తక్కువ. ఎంత పెద్ద కంప్యూటరైనా, సుమారు రెండు వారాలు దాటాక ఫలానా రోజున ఫలానా చోట వాన అని చెప్పలేదు.

రెండో చిక్కు గడులది. నమూనా భూమినంతా గడులుగా విభజిస్తుంది. గడి 12 కిలోమీటర్లదైతే 144 చదరపు కిలోమీటర్లకు ఒకటే విలువ. ఎన్ని ఊళ్ళు అందులో! మధ్యాహ్నం ఎండకు లేచి, గంటలో పిడుగులతో కురిసి మాయమయ్యే క్యుములోనింబస్ మేఘం కొన్ని కిలోమీటర్లే ఉంటుంది. కన్ను పెద్దదైన వలలో చిన్న చేప నిలవదు కదా. తుపాను అలా కాదు. వందల కిలోమీటర్ల మేర ఉంటుంది, పెద్ద గాలుల వెంట నడుస్తుంది. అందుకే దాని దారి దొరుకుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన కనీసం పది వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఛిన్నాభిన్నం చేసినా, దాని దారి ముందే తెలిసి జనాన్ని తరలించడం వల్ల రాష్ట్రంలో మృతులు పదుల్లో ఆగారు. ఈ శాస్త్రం సాధించిన దాంట్లో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. అయితే 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో కురిసిన 649.8 మిల్లీమీటర్ల వంటి వానను ఊరి పేరుతో సహా రోజుల ముందు చెప్పగల స్థితికి మనం ఇంకా చేరలేదు.

అందుకే ఇప్పుడు ఒక్క లెక్కతో సరిపెట్టరు. మొదటి కొలతల్ని కొద్దికొద్దిగా మార్చి పలుమార్లు లెక్క వేస్తారు. 2018లో మన దేశంలో మొదలైన ఒక పద్ధతిలో అలాంటివి 21 ఉన్నాయి. వాటిలో ఆరేడు వాన చూపిస్తే, అవకాశం సుమారు 30 శాతం. బులెటిన్‌లో "ఒకటి రెండు చోట్ల" అని ఉంటే, ఆ ప్రాంతపు వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని దాని లెక్క.

ఇక్కడి నుంచి పని మీది. కళ్ళంలో ధాన్యం ఆరబోసిన రైతుకు 30 శాతం చాలా ఎక్కువ. ఆ రాత్రే దాని మీద టార్పాలిన్ కప్పాలి. అదే 30 శాతాన్ని నమ్మి పత్తి విత్తనం పెట్టిన రైతు, వాన రాకపోతే మళ్ళీ విత్తనాలు కొనాలి. అంచనా ఒకటే అయినా ఇద్దరికీ ఇవ్వాల్సిన సలహా ఒకటి కాదు. "పడుతుంది", "పడదు" అని తేల్చేస్తే మీకు సులువే, నష్టపోయేది అతను. అవకాశం ఎంతో చెప్పండి, తప్పితే ఏం పోతుందో చెప్పండి. రైతుకు ఇది అర్థం కాదనుకోవద్దు. ఏటా విత్తనం చేత్తో పట్టుకుని అతను వేసుకునే లెక్క ఇదే.

వ్యవసాయ వాతావరణ బులెటిన్ ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తుంది. దాన్ని ఊరికి చేర్చండి. మీరు పనిచేసే చోట వర్షమాపకం ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టించండి. రోజూ ఉదయం 8.30కి దాన్ని చూసి రాసేలా జాగ్రత్త తీసుకోండి. ఆ అంకె లేకపోతే నిన్నటి అంచనా ఎంతవరకు నిజమైందో తేల్చుకునే దారి లేదు.