వాగు ఒడ్డున పాఠము



రామచంద్రుని విద్యాభ్యాసము అయోధ్యలోనే ముగియలేదు. పదునారేండ్లు నిండని కుమారుని విశ్వామిత్రుడు అడిగినప్పుడు దశరథుడు తల్లడిల్లినాడు. వసిష్ఠుని హితవు విని పంపినాడు. రథము లేదు, పరివారము లేదు. సరయూతీరమున మహర్షి బల, అతిబల విద్యలను ఉపదేశించినాడు. ఆ రాత్రి రాజకుమారులు గడ్డిపరుపుపై పవళించినారు. పిమ్మట తాటకావనము ఎదురైనది. స్త్రీని వధించుటకు రాముని మనస్సు వెనుదీసినది. అడవి ఆ సంకోచమును బయటపెట్టినది, గురువు తీర్చినాడు.

అడవి మన లోపలిదానిని పైకి తెచ్చును. దారి తెలిసిన పెద్ద దానిని దిద్దును. ఈ సంగతి మాకు అహోబిలములో అనుభవమునకు వచ్చినది.

నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల నడుమ, స్వామి తొమ్మిది రూపములతో వెలసిన క్షేత్రమది. ఎగువ అహోబిలము నుండి జ్వాలా నరసింహుని సన్నిధికి భవనాశి వాగు వెంట, బండరాళ్ళ మీదుగా నడిచి వెళ్ళవలెను. ఒక వర్షకాలమున మేము కొందరము బయలుదేరినాము. ముందు ఒక చెంచు పెద్ద నడిచినాడు. సగము దారిలో ఆయన నిలిచి, నీటి రంగు మారుట చూచి, "పైన వాన పడతాంది సామీ, వాగు వస్తాది. తిరిగి పోదాం" అన్నాడు. మా తలపై ఆకాశము నిర్మలముగా ఉన్నది.

మాకు కోపము వచ్చినది. ఇంత దూరము వచ్చినాము, ఉపవాసమున్నాము. దారి చూపుటకు వచ్చినవాడు దర్శనము వద్దనుటయా! రాముడు గురువాక్యమును శిరసావహించినాడు. మేము ముఖము ముడుచుకొని వెనుదిరిగినాము. గట్టెక్కిన కొంతసేపటికే, మేము దాటి వచ్చిన రాళ్ళు ఎర్రనీటిలో మునిగిపోయినవి.

అప్పుడు మేము తలవంచుకొన్నది భయముతో కాదు, సిగ్గుతో. హిరణ్యకశిపుని అహంకారమును గూర్చి ఎన్ని సభలలో చెప్పినామో! అదే 'నేను' మా భక్తిలో దాగి ఉన్నదని వాగు ఒడ్డున తెలిసినది. చెంచులక్ష్మిని పెండ్లాడి స్వామి చెంచులకు అల్లుడైనాడని అక్కడివారి విశ్వాసము. ఆ ఇంటివారి మాటనే మేము చిన్నచూపు చూచినాము. ఆనాడు స్వామి దర్శనము కాలేదు. మాకు మా దర్శనమే అయినది.

కావున యాత్రలలో దారి తెలిసినవారి వెనుక వినయముతో నడుచుదము. అలసట, భయము, కోపము కలిగినప్పుడు వానిని కప్పిపుచ్చక పరికించుదము. దారి చూపువాడు గురువు. అడుగు వేయవలసినది మనమే. ప్రహ్లాదవరదుడు మనలోని అహంకారమును హరించి మనలను కాపాడుగాక!

శుభమ్.