పుట్టిన బిడ్డకు థైరాయిడ్ టెస్ట్ చేయించారా?

"మా బాబు బంగారు కొండ, అసలు ఏడవడు, ఎప్పుడూ నిద్రే" అని మురిసిపోతుంటాం కదా. చాలామంది పిల్లలు మామూలుగానే అలా ఉంటారు, భయం లేదు. కానీ కొద్దిమందిలో ఆ మత్తుకి కారణం థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

కొందరు పిల్లలకు మెడలో ఉండాల్సిన థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే ఉండదు, లేదా సరిగ్గా ఎదగదు. మన దేశంలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఈ సమస్య. "మా ఇంట్లో ఎవరికీ థైరాయిడ్ లేదు, మాకెందుకు?" అనుకోకండి. ఎక్కువమందికి ఇది వంశంలో లేకుండానే వస్తుంది.

మరి చూస్తే తెలియదా? తెలియదండి! కడుపులో ఉన్నప్పుడు తల్లి హార్మోన్ కొంత బిడ్డకు అందుతుంది. అందుకే పుట్టగానే బాగానే కనిపిస్తారు. కామెర్లు తగ్గకపోవడం, మలబద్ధకం, బొడ్డు ఉబ్బడం, బొంగురు ఏడుపు లాంటివి మెల్లగా బయటపడతాయి. అప్పటిదాకా ఆగితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తర్వాత మందు వేసినా ఆ నష్టం పూర్తిగా పూడదు.

టెస్ట్ చాలా సింపుల్. మడమ దగ్గర సూదితో గుచ్చి, కొన్ని రక్తం చుక్కలు ప్రత్యేకమైన కాగితం మీద తీసుకుంటారు. అందులో టీఎస్‌హెచ్ ఎంతుందో చూస్తారు. పుట్టిన మొదటి రోజు టీఎస్‌హెచ్ అందరు పిల్లల్లోనూ పెరుగుతుంది. అందుకే 48 నుంచి 72 గంటల మధ్య చేస్తే మంచిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయాల్సి రావచ్చు.

కెనడాలోని క్యూబెక్‌లో 1974లోనే ఇలా పిల్లలందరికీ టెస్ట్ చేయడం మొదలుపెట్టారు. మన దగ్గర మాత్రం ఇప్పటికీ ప్రతి ఆసుపత్రిలో తప్పనిసరిగా చేయరు. అడగాల్సింది మనమే.

రిపోర్టులో ఎక్కువ వచ్చిందా? కంగారు వద్దు, ఆలస్యమూ వద్దు. వెంటనే నరం నుంచి రక్తం తీసి ఖాయం చేసుకుంటారు. సమస్య ఉంటే రోజుకొకసారి థైరాక్సిన్ మాత్ర. డాక్టర్ చెప్పిన డోసు పొడి చేసి, కొంచెం తల్లిపాలలో కలిపి పట్టాలి. ఐరన్, క్యాల్షియం చుక్కలు అదే టైమ్‌కి వేయకూడదు. రెండు వారాల లోపు మొదలుపెడితే ఎక్కువమంది పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, చదువుకుంటారు. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని మాత్ర మీరే ఆపేయొద్దు. కొందరికి మూడేళ్ల తర్వాత అవసరం ఉండకపోవచ్చు, కానీ అది డాక్టరే పరీక్షించి చెప్పాలి.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: "బిడ్డకు టీఎస్‌హెచ్ టెస్ట్ చేశారా? రిపోర్ట్ ఎప్పుడొస్తుంది?" పనిచేసే ఫోన్ నంబరే ఇవ్వండి. వాళ్లు ఫోన్ చేయకపోతే మీరే చేయండి. ఫోన్ రాలేదంటే అంతా బాగానే ఉందని అర్థం కాదు.

మీ అక్కకో వదినకో త్వరలో డెలివరీ ఉంటే ఈ వీడియో ఇప్పుడే పంపండి. ఉంటానండి, నమస్తే.