చదరంగపు గళ్లలోని సంఖ్య

గోదావరి గట్టున, భద్రాచలమునకు ఎదురుగా నున్న సారపాక, కాగితపు మిల్లు వలన పేరుపడిన ఊరు. ఆ కాగితముతోనే నేటి లెక్క మొదలుపెట్టుదము. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక కాగితము, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు 64 గళ్లను నింపవలెనన్నచో ఎన్ని కాగితములు కావలయును? పది కాగితములు కలిసి ఒక మిల్లీమీటరు మందమనుకొన్నను, ఆ దొంతర ఎత్తు భూమికిని సూర్యునికిని నడుమ గల దూరమునకు పన్నెండు వేల రెట్లను మించును.

ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. తెలుగువారికి ఈ సంఖ్య క్రొత్త కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక పద్యములో ఈ ఇరువది అంకెలును ఇమిడియున్నవి. అందు అంకెలకు బదులు మాటలుండును. శరమన్న ఐదు, చంద్రుడన్న ఒకటి, వేదమన్న నాలుగు, గగనమన్న సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. వట్టి అంకెల వరుసలో ఒకటి తప్పినను కంటికి తెలియదు. పద్యములో మాట తప్పినచో తరచుగా ఛందస్సే పట్టి యిచ్చును.

అయినను పద్యము చెప్పినదని మనము ఊరకుండనేల? పరీక్షింతము. ఒకటియు రెండును కలిసి మూడు, అనగా నాలుగుకు ఒకటి తక్కువ. నాలుగును చేర్చిన ఏడు, ఎనిమిదికి ఒకటి తక్కువ. కావున మన మొత్తము, రెండును 64 మార్లు వేసి గుణించిన లబ్ధమునకు ఒకటి తక్కువ. ఒక వర్గము నుండి ఒకటి తీసివేసినచో, ఆ మూలమునకు ఒకటి తక్కువైన సంఖ్యయు, ఒకటి ఎక్కువైన సంఖ్యయు గుణకములగును. ఆ తాళపుచెవితో మన సంఖ్య 429,49,67,295 గాను 429,49,67,297 గాను విడిపోవును. మొదటిది మరల 65,535 గాను 65,537 గాను విడిపోవును. 65,535 లో 255, 257 లు గలవు. 255 లో 15, 17 లు. 15 లో 3, 5 లు.

ఇట్లు వచ్చిన 3, 5, 17, 257, 65,537 అన్నియు ప్రధాన సంఖ్యలే. ఒకటియు, తామును తప్ప వేరొకటి వానిని నిశ్శేషముగా భాగింపదు. వీనిని చూచియే ఫ్రాన్సు దేశపు గణితవేత్త ఫెర్మా, 1640 ప్రాంతమున, ఈ వరుసలో తరువాతిదైన 429,49,67,297 కూడ ప్రధాన సంఖ్యయే యని తలచెను. ఆయన కీర్తి గొప్పది. మాట మాత్రము నిలువలేదు. 1732 లో ఆయిలరు దానిని 641 తో భాగించి చూపెను. భాగఫలము 67,00,417, శేషము సున్న.

సంఖ్యకు పెద్ద చిన్న యను మొగమాటము లేదు. పండితుడు చెప్పినను, పద్యము చెప్పినను, అది భాగహారమునకే తలవంచును. శ్రోతలు, ముఖ్యముగా విద్యార్థులు, ఒక కాగితమును తీసికొని ఆ 641 తో తామే భాగించి చూతురుగాక! ఆయిలరు మాటనైనను ఊరక నమ్మవలసిన పని లేదు.