గోడలు లేవక ముందు

(బిషప్ వి.ఎస్. అజరయ్య స్మృతిలో ఉప్పల్‌లో చేసిన ప్రసంగం)



బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఈ హాల్లో ఉండకపోవచ్చు. కానీ గార్ల, మానుకోట, ఇల్లెందు, ఖమ్మం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలు నా ఎదుట ఉన్నాయి. మీ తాతల నోట ఆ పేరు వింటూనే పెరిగారు.

ఆలయం బయట మన పరిచర్య ఎలా ఉండాలన్నది పెద్దలు నాకిచ్చిన అంశం. రాబోయే ఏళ్లకు ప్రణాళిక రాసుకునే ముందు ఒకసారి వెనక్కి చూద్దామని నా మనవి. తెలుగు నేల మీద సంఘాన్ని గడప దాటించింది ఎవరు? మిషనరీ దొరలే అని చాలామంది నమ్మకం. పాత సంగతులు తిరగేస్తే అలా కనిపించదు. ఆ పని ఎక్కువగా చేసింది మామూలు విశ్వాసులు. వాళ్లలో చాలామందికి జీతం లేదు, కొందరికి చదువూ లేదు. ఆ పని వాళ్ల పిల్లలమైన మన చేతుల్లోంచి జారిపోయింది. దాన్ని మళ్లీ అందుకోవాలని అడగడానికే నిలబడ్డాను.

అజరయ్య గారికంటే ముందు యర్రగుంట్ల పేరయ్యను తలచుకోవాలి. ఒంగోలుకు పశ్చిమాన ఒక పల్లెలో ఉండేవాడు. మాదిగ, తోళ్ల వ్యాపారి. దేవుణ్ణి వెతుకుతూ యోగం నేర్పే గురువుల దగ్గరికి తిరిగినవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు సంగతి చెవిన పడింది. 1866లో బాప్తిస్మం పొంది ఊరికి వెళ్లాడు. తోళ్లు కొనడానికి ఏ బాటల్లో నడిచేవాడో ఆ బాటల్లోనే, ఏ అరుగుల మీద బేరం ఆడేవాడో ఆ అరుగుల మీదే సువార్త చెప్పాడు. అదే ఏడు సెప్టెంబరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది. కొద్ది రోజులకే క్లౌ పేరయ్య ఊరికి వెళితే నమ్మినవాళ్లు అప్పటికే ఎదురుచూస్తున్నారు. అక్కడ 28 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషనరీ కాపురమున్న పట్టణంలో ఎనిమిది మంది, ఒక తోళ్ల వ్యాపారి ఉన్న పల్లెలో 28 మంది! ఆ పల్లెలో గుడి లేదు, బడి లేదు.

తర్వాత పదేళ్లకు కరవు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన ధాత కరవు. క్లౌ సర్వే పని తెలిసినవారు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఊరికే గంజి పోయడం కాకుండా పని చూపించి కూలి ఇచ్చారు. ఆ తవ్వకం మీద మేస్త్రీలుగా నిలబడ్డది ఆయన దగ్గర తయారైన తెలుగు బోధకులు. పగలు కొలతలు వేసి, సాయంత్రం కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

ఇక్కడ మీరు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. కరవు సాయం తన చేతిలో ఉన్నంతకాలం, దాదాపు పదిహేను నెలలు, క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గుంపులుగా వచ్చి అడిగినా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదు, అన్నం చూపించి లాక్కున్నారన్న మాట సంఘం మీద పడకూడదు. సాయం పనులు ముగిశాకే తలుపు తెరిచారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది నీళ్లలోకి దిగారు. బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. క్లౌ ఒడ్డునే ఉన్నారు. ఆ సంఖ్య మనకు గర్వకారణమే. ఆ సంఖ్యకు ముందు గడిచిన పదిహేను నెలల ఓర్పు నాకు అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఆలయం బయట మనం ఏ మేలు తలపెట్టినా ముందు రాసుకోవలసిన షరతు అదే.

ఇప్పుడు అజరయ్య గారి దగ్గరికి వస్తాను. ఆయన తెలుగువారు కాదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టిన తమిళుడు, పల్లె గురువుగారి కొడుకు. వై.ఎం.సి.ఎ.లో పనిచేస్తూ 1902లో శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో వేరే చోటికి సేవకుల్ని పంపడం చూశారు. మనమెందుకు చేయకూడదని మనసు కలతపడింది. 1903 ఫిబ్రవరిలో పాళయంకోట్టైలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, పైదేశపు రూపాయి వద్దు. ఇదీ వాళ్ల కట్టుబాటు. ఏ నేలకు పంపాలి అని వెతికి, నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతాన్ని ఎంచుకున్నారు. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే యువకుణ్ణి పంపారు.

తిరునెల్వేలి పల్లెల్లో అప్పటికే ఎత్తయిన గోపురాలతో ఆలయాలున్నాయి. తాటిచెట్లు గీస్తూ, తాటి బెల్లంతో బతికే జనం. తాము కూడబెట్టిన కానుకతో తమ గోపురం మరో పది అడుగులు లేపుకోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. వాళ్లు మాత్రం తమకు భాష తెలియని, పేరు విననైనా వినని మన మాల మాదిగ పల్లెల కోసం ఆ డబ్బు పంపారు. వాళ్లలో చాలామంది జీవితంలో ఒక్క తెలుగువాణ్ణి కూడా చూసి ఉండరు. మనం ఈ రోజు ఇక్కడ కూర్చున్నామంటే, ఒక తమిళ సంఘం తన ప్రహరీ దాటి ఆలోచించింది కాబట్టి. ఈ ఋణం మనం ఎన్నడైనా లెక్క కట్టామా?

1909లో అజరయ్య గారు ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు గారితో పిల్లలతో డోర్నకల్ వచ్చారు. మొదట గుడారంలో ఉన్నారు. ముప్పయ్ అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. మరుసటేడు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. దొరలు భారతీయ సేవకులతో తోటివాళ్లుగా మెలగడం లేదని, ఇళ్లకు పిలిచి కలిసి తినడం లేదని ముఖం మీదే చెప్పారు. త్యాగాలు చేస్తున్నారు సరే, స్నేహం ఏదీ అని అడిగారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ ప్రశ్న ఇవాళ మనవైపు కూడా తిరుగుతుంది. క్రిస్మస్‌కు దుప్పట్లు పంచి ఫోటో తీసుకుని వచ్చేస్తున్నామే, ఆ దుప్పటి కప్పుకున్న మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు?

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. డోర్నకల్ మహా దేవాలయం ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. నడుమ ఇరవయ్యారేళ్లు. అంతకాలం ఆయన మేత్రాసనం ఎడ్లబండి మీద, గుడారంలో, మాలపల్లె మాదిగపల్లెల నడివీధుల్లో నడిచింది. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరి చేతా, తమ చేతులు తమ తలమీదే పెట్టించి, సువార్త చెప్పే బాధ్యత నాదే అని పలికించేవారు. కూలికి వెళ్లే తల్లి, పాలేరు, బడికి వెళ్లే పిల్లవాడు అందరూ పలకాల్సిందే. ఏటా ఒక వారం సాక్ష్యానికని కేటాయిస్తే ఊరు ఊరంతా పక్క ఊళ్లకు కదిలేది, భజనలతో, కోలాటంతో. డబ్బు లేని ఇళ్లల్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేసేవారు. ఆ పిడికెడు బియ్యంతోనే గురువుగారు తిన్నారు, బడి నడిచింది.

కట్టడాలను నేను చిన్నచూపు చూడను. మెదక్‌లో చార్లెస్ పాస్నెట్ గారు కరవు రోజుల్లో పని కల్పిస్తూ కట్టించిన ఆలయం 1924 డిసెంబరు 25న తెరుచుకుంది. ఆ పనిమీద ఎన్నో కుటుంబాలు ప్రాణం నిలుపుకున్నాయి. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి తలపెడితే, నర్సాగౌడ్ అనే హిందూ దాత విరాళం ఇచ్చారు. బయటి పరిచర్య నిజాయితీగా ఉంటే పొరుగువాడు తానే వచ్చి చెయ్యి కలుపుతాడు. మన నగరంలోనే, గోల్కొండ చౌరస్తా హెబ్రోనులో, బక్త్‌సింగ్ గారు విశ్వాసుల్ని పాటలతో వీధుల వెంట నడిపించారు. ప్రేమవిందులో అన్ని కులాలవాళ్లూ ఒకే బంతిన కూర్చుని తిన్నారు.

మరి ఎక్కడ తగ్గాం? నా అభిప్రాయం ఇది. సువార్త పని ఒక ఉద్యోగం అయ్యాక తగ్గాం. ఒకరికి జీతమిచ్చి, సైకిలిచ్చి, తర్వాత మోటారు సైకిలిచ్చి, ఆ పని ఆయనదే అనుకున్నాం. కమిటీ వేసుకున్నాం, బడ్జెట్‌లో ఒక పద్దు రాసుకున్నాం. తలమీద చెయ్యి పెట్టుకునే అలవాటు పోయింది.

ఇక ఉప్పల్, నాచారం. వరంగల్ దారిలో వచ్చేవాళ్లకు నగరం మొదలయ్యేది ఉప్పల్ చౌరస్తాలోనే. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనికోసం మన పెద్దలు వచ్చారు. డోర్నకల్, కాజీపేట, జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి, ఆ రైలు పట్టాల వెంటే వచ్చారు. ఇటు సంఘాల్లో చాలా భాగం అద్దె ఇళ్లలో, షిఫ్టు దిగి వచ్చినవాళ్ల సాయంకాల ప్రార్థనలతో మొదలైనవే. అప్పుడు పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చునేవారు, గోడ లేదు కాబట్టి. 2017లో మెట్రో వచ్చింది, 2023లో స్కైవాక్ వచ్చింది, స్థలాల ధరలు పెరిగాయి. మన పిల్లలు చదువుకున్నారు, సంతోషం. ఫ్యాక్టరీల్లో మన పెద్దలు చేసిన పని ఇప్పుడు ఒడిశా, బీహార్, జార్ఖండ్ బిడ్డలు చేస్తున్నారు.

2020 మే 1న, లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి వలస కూలీల రైలు కదిలింది లింగంపల్లి నుంచి. అది వెళ్లింది జార్ఖండ్‌లోని హటియాకు. హటియా, రాంచీ చుట్టూ ముండా, ఉరావ్ జనంలో 1850ల నుంచీ క్రైస్తవ సంఘాలున్నాయి. అంటే నాచారం షెడ్లలో పడుకుంటున్న కుర్రాళ్లలో మన విశ్వాస సహోదరులు కూడా ఉన్నారు. వాళ్లకు ఆదివారం ఎక్కడికి వెళ్లాలో తెలియదు. మన పాట వాళ్లకు అర్థం కాదు. 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. డోర్నకల్ ఆలయం ప్రతిష్ఠించిన తేదీ కూడా అదే, దూరదేశపు జ్ఞానులు వచ్చిన పండుగ. ఇకమీదట దూరంనుంచి వచ్చే రైళ్లు మన ఇంటి పక్కనే ఆగుతాయి.

అందుకని నాలుగైదు పనులు అడుగుతాను. నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రికి పొద్దున్నే వెళ్లి చూడండి. ఓపీ చీటీ పట్టుకుని, బోర్డు చదవలేక, ఏ గదికి వెళ్లాలో తెలియక గోడకానుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. ఈఎస్‌ఐ వర్తించేది నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు. కాంట్రాక్టు పనివాళ్లలో చాలామందికి తమ ఇన్సూరెన్స్ నంబరు ఏమిటో, ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించుకోవచ్చని కూడా తెలియదు. మన సంఘంలో రిటైరైన గుమాస్తాలున్నారు, నర్సమ్మలున్నారు. వారానికి ఒక పూట అక్కడ నిలబడితే చాలు. ప్రార్థన చేయమని వాళ్లు అడిగితే చేయండి. అడగకపోతే గది చూపించి రండి. క్లౌ గారి షరతు ఇక్కడ వర్తిస్తుంది.

ఒడిశా రేషన్ కార్డు మీద ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో ఆ వీలుంది. ఆ సంగతి తెలియక బయట కిలోల లెక్కన కొనుక్కుంటున్నారు. స్త్రీల మైత్రి అక్కలు వాళ్ల వాడకు వెళ్లి ఆడవాళ్లతో కూర్చుని ఈ సంగతి చెబితే, ఒకరిద్దరిని డీలరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళితే, మిగతా వాడ అంతా తానే నేర్చుకుంటుంది.

కోతపండుగ వేలంపాటలో మన ప్రాంగణంలో ఒక సొరకాయ ఎంతకు పోతుందో మీకు తెలుసు. అరటి గెల దగ్గర అన్నదమ్ములు పోటీపడి పాడతారు, పిల్లలు చప్పట్లు కొడతారు, కోశాధికారి నవ్వుతూ రాసుకుంటారు. ఆ ఉత్సాహం నాకు ఇష్టం. ఈసారి ఆ వేలం డబ్బు మొత్తం ప్రహరీకి, మైకులకు కాకుండా బయటి పనికే ఇవ్వాలని సంఘపెద్దలు తీర్మానించాలి. తిరునెల్వేలి వాళ్లు మనకిచ్చింది మనం ఇంకొకరికి అందించడానికి అదొక మొదలు.

ఆదివారం మధ్యాహ్నం ఈ హాలు ఖాళీగా ఉంటుంది. తాళంచెవి ఒడియా, జార్ఖండ్‌వాళ్ల సాద్రీ భాష మాట్లాడేవాళ్ల చేతికి ఇవ్వండి. వాళ్ల భాషలో వాళ్లే పాడుకుంటారు, వాళ్లలోంచే పెద్దలు వస్తారు. మనవాళ్లు వెనక బెంచీలో కూర్చుని వింటే చాలు. అజరయ్య గారు ముప్పయ్ అయిదేళ్ల వయసులో మన అక్షరాలు దిద్దారు. ఇక్కడున్న యవ్వనస్థులు ఇరవైలలో ఉన్నారు. ఒడియా గానీ సాద్రీ గానీ నేర్చుకోవడానికి సిద్ధపడ్డవాళ్లు ఆరాధన అయ్యాక కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వండి. నేర్పడానికి మల్లాపూర్ షెడ్లలో గురువులున్నారు, వాళ్లకు సెలవు ఆదివారమే.