తల తిరుగుడు, చెవిలో రేణువులు, చాలని ఎండ



మంచం మీద పక్కకు ఒత్తిగిలగానే గదంతా గిర్రున తిరుగుతుంది. అర నిమిషంలో తగ్గిపోతుంది. బీపీ అనుకుంటాం, పైత్యం అనుకుంటాం, నైట్ షిఫ్టు నీరసం అని సరిపెట్టుకుంటాం. పని పోతుందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పకుండా నిచ్చెన ఎక్కుతాం, ఫోర్క్‌లిఫ్టు నడుపుతాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

తల కదిపినప్పుడే వచ్చే ఈ తిరుగుడుకు మూలం చాలాసార్లు లోపలి చెవి. అక్కడ కాల్షియం కార్బొనేట్ రేణువులుంటాయి, అంటే మన సున్నపురాయి పదార్థమే. అవి ఊడి, పక్కనున్న అర్ధవలయ గొట్టాల్లోకి జారితే, తల వంచినా తిప్పినా మెదడుకు తప్పుడు కబురు వెళ్తుంది. జర్మన్‌లో దీన్ని ‘లాగెరుంగ్స్‌ష్విండెల్’ అంటారు. డాక్టరు దగ్గర ఈ మాట గుర్తుంచుకోండి.

మాత్రలు వికారాన్ని తగ్గిస్తాయి గానీ రేణువుల్ని వెనక్కి పంపలేవు. డాక్టరు మన తలను ఒక వరుసలో తిప్పి, పడుకోబెట్టి, లేపుతారు. ఎప్లీ పద్ధతి అంటే అదే. కొన్ని నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే తగ్గుతుంది.

తగ్గింది సరే, మళ్లీ మళ్లీ వస్తే? విటమిన్ డి సంగతి ఇక్కడే వస్తుంది. ఒంట్లో కాల్షియం లెక్కను నడిపేది అదే. దక్షిణ కొరియాలో 8 ఆస్పత్రుల్లో వెయ్యిమందికి పైగా రోగులతో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. విటమిన్ డి 20 నానోగ్రాముల కంటే తక్కువున్నవారికి ఏడాదిపాటు రోజూ 800 యూనిట్ల విటమిన్ డి, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ ఇచ్చారు. తిరగబెట్టడం సుమారు నాలుగో వంతు తగ్గింది. లోపం బాగా ఎక్కువున్నవారికే మేలు ఎక్కువ కనిపించింది.

ఇక మన సంగతి. హైదరాబాదు 17వ అక్షాంశం దగ్గరుంటే, ఇంగోల్‌స్టాట్ దాదాపు 49 దగ్గరుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడి ఎండకు విటమిన్ డి తయారుచేసేంత బలం ఉండదు. డిసెంబరులో ఎనిమిదింటికి తెల్లవారి, నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. చీకట్లో పనికెళ్లి చీకట్లోనే తిరిగొస్తాం. పైగా మన చామనచాయ ఒంటికి ఎండ ఇంకా ఎక్కువసేపు కావాలి.

అలాగని ఊరి నుంచి తెచ్చుకున్న 60,000 యూనిట్ల పొట్లాలు ఎవరికి వారు మింగొద్దు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ముందు రక్తపరీక్ష. వైద్య కారణం ఉంటేనే క్రాంకెన్‌కాసె ఆ ఖర్చు భరిస్తుంది. కాబట్టి తల తిరుగుడు ఎన్నిసార్లు వచ్చిందో తేదీలతో సహా డాక్టరుకు చెప్పండి. రిపోర్టులో కొలత కూడా చూసుకోండి: నానోగ్రాముల్లో 20, నానోమోల్స్‌లో 50, రెండూ ఒకటే.

మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా అది చెవి జబ్బు అనుకోవద్దు. వెంటనే 112కి ఫోన్ చేయండి.

తల తిరుగుతున్న రోజు నిచ్చెన ఎక్కొద్దు, బండి నడపొద్దు. డాక్టరు చీటీ తీసుకుని సెలవు పెట్టడం మన హక్కు. పక్క గదిలో ఉన్న తమ్ముడికో చెల్లికో ఇలా అయితే, వాళ్లకు జర్మన్ రాకపోతే, మనమే వెంట వెళ్దాం.