కదలని రైలింజనుల సేకరణము

(మన సంఘపు వారసభలో చేసిన ఉపన్యాసపాఠము)



నేడు మేము ప్రసంగింపదలచిన విషయము చూచుటకు చిన్నది. అరచేతిలో ఇమిడెడు రైలింజను నమూనాలు, అందులోను కదలనివి, చవుకైనవి, పత్రికవలె సంచిక వెంట సంచికగా వెలువడు వరుసలలో లభించునవి: వీనిని సేకరించు వేడుకను గూర్చి నాలుగు మాటలు చెప్పుదుము. బళ్ళారి రాఘవగారు నటించిన ఊరిలో, నాటకములను, సాహిత్యమును ముచ్చటించుకొను సభలో, ఈ బొమ్మల ప్రసంగమెందుకని కొందరు పెద్దలు తలపవచ్చును. తుదివరకు ఆలకించినచో ఈ బొమ్మలకును మన కుటుంబముల జ్ఞాపకములకును గల సంబంధము తమకే తెలియగలదని మా మనవి.

ఐరోపాఖండమున 'పార్ట్‌వర్క్' అను ప్రచురణపద్ధతి యొకటి కలదు. ఒక పెద్ద గ్రంథమును గాని, ఒక వస్తుసముదాయమును గాని ఒక్కమారుగా అమ్మక, వారమునకో పక్షమునకో ఒక భాగము చొప్పున అమ్ముటయే దాని స్వరూపము. 1836, 1837 సంవత్సరములలో చార్లెస్ డికెన్సు 'పిక్విక్ పేపర్స్' నవలను నెలనెలా ఒక షిల్లింగు వెలకు భాగములుగా వెలువరించెను. పుస్తకము మొత్తమును ఒక్కసారి కొనలేనివారు సైతము దానివలన చదువరులైరి. ఇటలీదేశమున 1950 దశకము చివర విజ్ఞానసర్వస్వములే ఈ రీతిని ఇల్లిల్లు చేరినవి. కాలక్రమమున కాగితముతోపాటు వస్తువు కూడ చేరినది. ఇటలీలోని డి అగోస్తిని, స్పెయినులోని డెల్ ప్రాడో, ఇంగ్లండులోని ఈగిల్‌మాస్ వంటి సంస్థలు నాణెములు, కార్లు, విమానములు, ఓడలు, రైలింజనులు మొదలగు వానిని సంచికలకు జతచేసి అమ్మినవి. ఒక్కొక్క సంచికలో ఆ ఇంజను చరిత్ర కొన్ని పుటలుండును; దానికి తోడుగా పెట్టెలో ఇంజను ఉండును.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త కాదు. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'ను సంచికలుగా వెలువరింప మొదలుపెట్టి, మూడు సంపుటములు ముగియునప్పటికి ఇంకను 'అ' అక్షరముననే యుండిరి. 1923లో వారు దివంగతులైరి. పని పూర్తికాలేదని ఆ సంపుటములను ఎవరును పారవేయలేదు. నేటికిని పండితులు వానిని భద్రముగా చూచుకొందురు. 1947లో ఆరంభమైన 'చందమామ' సంచికలను ఏడాదికొక కట్టుగా కుట్టించి దాచుకొన్న ఇండ్లు మనలో కొల్లలు. కావున భాగములుగా కొనుట, కూర్చుట, దాచుట యను మూడును మనకు అలవాటైన పనులే. అసంపూర్ణమైనదంతయు వ్యర్థము కాదను మాటను మాత్రము జ్ఞాపకమందుంచుకొన గోరుచున్నాము. ఈ ప్రసంగమున అది మరల అవసరమగును.

ఇక నమూనాల సంగతి. ఇవి ఇంత చవుకగా నుండుటకు కారణము వీనిలో మోటారు, పండ్లచక్రములు, విద్యుత్తు తీగలు లేకపోవుటయే. పట్టాలపై పరుగెత్తు నమూనాయందు ఖర్చులో పెద్దభాగము ఈ అంతర్యంత్రమునకే పోవును. కదలని నమూనాలో జింకు మిశ్రలోహమును గాని ప్లాస్టిక్కును గాని అచ్చుపోసి, రంగువేసి, అక్షరములు ముద్రించి, చిన్న పట్టాముక్కపై మరలతో బిగింతురు. ఒకే అచ్చును పలుదేశముల వరుసలకు వాడుటచే వెల ఇంకను తగ్గును. కొన్నింట చక్రములు తిరుగును. కొన్నింట అదియును లేదు. చేయి తిరిగిన నమూనాకారులు వీనిలోపల తాము మోటారునమర్చి నడిపించుటయు కలదు. అయినను మా దృష్టిలో కదలకుండుటయే వీని గుణము. పరుగెత్తు బొమ్మను పిల్లవాడు పరుగు కొరకే చూచును. నిలిచియున్న బొమ్మను రూపము కొరకు చూచును. బాయిలరు ఎక్కడ ముగిసినది, సిలిండరు ఎక్కడనున్నది, చక్రములను కలుపు కడ్డీ ఎట్లు వంగినది యని ప్రశ్నించును. ప్రశ్నకు బదులు చెప్పు పెద్దవారు ఇంటనున్నచో ఆ బొమ్మ చదువైపోవును.

కొనువారు మొదట తెలిసికొనవలసినది కొలత. అసలు ఇంజనులో 87 అంగుళములను ఒక అంగుళముగా కుదించినచో అది 1:87 నిష్పత్తి, దీనిని హెచ్.ఓ. అందురు. ఇంగ్లండు నమూనాలు తరచుగా 1:76లో నుండును. దీనిని డబుల్ ఓ అందురు. ఎన్ అనునది 1:160. జెడ్ అనునది 1:220. ఒకే అరలో 1:76 ఇంజను ప్రక్కన 1:160 ఇంజనును నిలిపినచో రెండవది మొదటిదానికి బిడ్డవలె కనుపించును; అసలు యంత్రములలో ఏది పెద్దదో చూపరికి తెలియదు. కావున ఒక ఇంట ఒకే కొలతను ఎంచుకొనుట మేలు.

ఈ కొలతల లెక్కయే మనలను అసలు విషయమునకు తెచ్చుచున్నది. ఇంగ్లండు, జర్మనీ దేశముల ప్రధానమార్గములలో పట్టాల నడుమ ఎడము 1435 మిల్లీమీటర్లు. 1:87లో అది 16.5 మిల్లీమీటర్లగును. మన దేశపు బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. అదే నిష్పత్తిలో 19 మిల్లీమీటర్లు దాటవలెను. మన బళ్ళారి మీదుగా గుంతకల్లు నుండి హోసపేట, గదగు, హుబ్బళ్ళి వైపు పోయిన పాతమార్గమో, మీటరు గేజి. దానికి పదకొండున్నర మిల్లీమీటర్లు చాలును. మేము చూచిన సంచికలవరుసలలో ఇంగ్లండు రాణివాసపు బండ్లను లాగిన ఇంజనులున్నవి, జర్మనీ, ఫ్రాన్సు, అమెరికా దేశముల మహాయంత్రములున్నవి. మన తాతలను, అమ్మమ్మలను పెండ్లిండ్లకు, తిరునాళ్ళకు తీసికొనిపోయిన మీటరు గేజి ఇంజను మాత్రము మా కంటబడలేదు.

ఆ ఇంజను సామాన్యమైనది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట దేశమందలి మీటరు గేజి మార్గములలో ప్రయాణికుల బండ్ల కొరకు వై.పి. తరగతిని, సరకుబండ్ల కొరకు వై.జి. తరగతిని నిర్ణయించిరి. 1949 మొదలు 1970 వరకు 871 వై.పి. ఇంజనులు నిర్మింపబడినవి. మొదట విదేశములనుండి వచ్చినవి. పిమ్మట జంషెడ్‌పూరులోని టెల్కో కర్మాగారమున మనవారే వానిని చేసిరి. ముందు నాలుగు చిన్నచక్రములు, నడుమ ఆరు పెద్దచక్రములు, వెనుక రెండు చక్రములు: ఇది వై.పి. లక్షణము. వై.జి.కి ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనుక రెండు. వై.పి. నడిమి చక్రము వ్యాసము 1372 మిల్లీమీటర్లు. 1:87లో అది పదునారు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ, అనగా కోటు చేతిబొత్తామంత.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు చేరినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. అన్నదమ్ముల ఇండ్ల నడుమ గీత పడినది గాని పట్టాలు తెగలేదు. గుంతకల్లు ఇటనుండి సుమారు 50 కిలోమీటర్లే. మన రాకపోకలు, సంబంధబాంధవ్యములు ఆ మార్గముననే సాగినవి. 1992లో దేశమంతట పట్టాల ఎడమును ఏకముచేయు పథకము ఆరంభమైనది. ఆ దశకముననే మన మార్గమును బ్రాడ్‌గేజిగా మారినది. మార్పు మంచిదే, గుంతకల్లులో బండిమారు బాధ తప్పినది, ఖనిజమును మోయు పెద్దబండ్లు సాగినవి. కాని మీటరు గేజితోపాటు ఆ పొగబండి ఇంజనును నడిపినవారి పని, ఆ పనికి సంబంధించిన మాటలు కూడ వీడ్కోలు పుచ్చుకొన్నవి.

మన సంఘపు పెద్దలలో ఫైర్‌మానుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారొకరు, మేము చూపిన ఒక విదేశపు నమూనాను చేతికి తీసికొని, తలక్రిందులు చేసి చూచి, "ఇసుక గొట్టమేదయ్యా?" అని అడిగిరి. మాకు ఆ ప్రశ్నయే అర్థము కాలేదు. వారు అప్పుడు వివరించిరి: వానకు పట్టా తడిసి చక్రము జారినప్పుడు, ఇంజనుపైనున్న ఇసుకపెట్టె నుండి గొట్టము ద్వారా చక్రము ముందర ఇసుకను వదలుదురట, ఆ ఇసుక తేమ తగిలినచో గొట్టము పూడుకొనును గావున, దానిని ఎండబెట్టుట షెడ్డులో ఒక పెద్ద పనియట. పిదప వారు ఒక గంటసేపు చెప్పినది మరియొక సభకు సరిపోవును. ఆ నమూనాతోపాటు వచ్చిన సంచికలో ఈ ఇసుకమాట ఒక్కటియు లేదు. బొమ్మ విదేశపుది, దానివలన వెలువడిన జ్ఞానము మన ఇంటిది. పొగబండి చివరిదినములలో పాతికేండ్లవారై పనిచేసినవారు సైతము ఇప్పుడు ఉద్యోగము విరమించు వయస్సునకు వచ్చిరి. వారి పెద్దలలో ఎందరో మనకు దూరమైరి. ఈ పని వాయిదాకు తగినది కాదు.

ఇక ధనవిషయమున ఒక హెచ్చరిక. ఈ వరుసలలో మొదటి సంచికను మిక్కిలి తక్కువవెలకు ఇత్తురు. రెండవదానినుండి వెల హెచ్చును. ఒక వరుసలో 60 సంచికలున్నవనుకొందము. ఒక్కొక్కటి 900 రూపాయలైనచో మొత్తము 54,000 రూపాయలగును. విదేశమునుండి తెప్పించినచో తపాలాఖర్చు, సుంకము వేరు. విడివిడిగా చవుక, కలిపి చూచినచో బరువు. వరుస మధ్యలో నిలిచిపోవుటయు కలదు: 2022లో ఈగిల్‌మాస్ సంస్థ మూతపడినప్పుడు, నెలనెలా భాగములు కొని పెద్ద నమూనాలను కూర్చుచున్నవారు పలువురు సగముపనితో మిగిలిపోయిరి. కావున వరుస పూర్తిచేయవలెనను పట్టుదలను మొదటనే విడువుడని మా సలహా. పాతవస్తువుల అంగళ్ళలో, సేకర్తల చేతులలో, పెట్టె లేని నమూనాలు విడిగా దొరకును. అందు నాలుగైదు చాలును. కొమర్రాజువారి సంపుటముల మాటను ఇచ్చటనే జ్ఞప్తికి తెచ్చుకొనవలెను: విలువ లెక్కలో లేదు, ఉన్నదానిని ఎంత చదివితిమనుటలో నున్నది.

కొన్నదానిని కాపాడుట రెండవ పని. మన జిల్లాలో వేసవియెండ తీవ్రము. కిటికీప్రక్కన నుంచిన ప్లాస్టిక్కు భాగములు వంగును. సండూరు, తోరణగల్లు వైపు ఇండ్లకు ఎఱ్ఱధూళి మిక్కుటము; అద్దపుతలుపు గల అర అవసరము. ధూళిని మెత్తని కుంచెతో దులుపవలెను. తడిగుడ్డతో రుద్దినచో ముద్రిత అక్షరములు చెరగును. జింకు లోహములో సీసము కలిసినచో కాలక్రమమున అది ఉబ్బి, పగిలి, పొడియగును. దీనిని జింకు తెగులందురు. పాత నమూనా కొనునప్పుడు సన్నని పగుళ్ళున్నవేమో పరీక్షించి తీసికొనుడు.

మూడవది, లేని ఇంజనును మనమే చేసికొనుట. కొండపల్లివారు పొణికి కఱ్ఱతోను, ఏటికొప్పాకవారు అంకుడు కఱ్ఱతోను బొమ్మలు చేయుదురు. కొప్పళము చెంతనున్న కిన్నాళ కళాకారులు మనకు పొరుగువారే. అట్టతోను మెత్తని కఱ్ఱతోను 1:87 కొలతకు ఒక వై.పి. ఇంజనును మన బడిపిల్లలు చేయగలరు. కదలనవసరము లేదు గనుక ఈ పని వారి శక్తికి మించినది కాదు. మైసూరులో 1979లోను, హుబ్బళ్ళిలో 2020లోను ఏర్పడిన రైల్వే ప్రదర్శనశాలలకు పిల్లలను తీసికొనిపోయి పాతయింజనులను కన్నులార చూపవచ్చును. చక్రముల లెక్కలో తప్పు దొర్లినచో, తప్పు పట్టుటకు మన పెద్దలున్నారు. ఆ తప్పు పట్టుటయే మనకు కావలసినది.

తుదకు మా విన్నపము ఇది. సంఘపు గ్రంథాలయమున ఒక అర ఈ నమూనాలకు కేటాయింతము. ఎవరి ఇంట నున్నవి వారు కొంతకాలము అచ్చట నుంతురు గాక. ప్రతి ఇంజను క్రింద ఒక కాగితము, తెలుగులోను కన్నడములోను: దాని పేరు, చక్రముల లెక్క, దానిని చూచి మన పెద్దలలో ఒకరు చెప్పిన మాట. డ్రైవరు చెప్పినదైనను, ఫైర్‌మాను చెప్పినదైనను, గార్డు భార్య చెప్పినదైనను సరియే. రాత్రిపూట బండి కూతను బట్టి భర్త రాకను గుర్తించి పొయ్యి వెలిగించిన తల్లులు మన వీధులలో నింకను ఉన్నారు. వ్రాయుటకు యువకులు నలుగురు ముందునకు వచ్చినచో వచ్చు ఆదివారము సాయంకాలము 5 గంటలకు గ్రంథాలయముననే పని ఆరంభింపవచ్చును. నమూనా తెచ్చువారు నమూనాను, జ్ఞాపకము గలవారు జ్ఞాపకమును తీసికొని రావలసినదిగా ప్రార్థించుచున్నాము.