టైటానిక్ ఓడలోని తపాలా గుమాస్తాలు
(ఢిల్లీలోని తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



1912 ఏప్రిల్ 15వ తేదీ తెల్లవారుజామున అట్లాంటిక్ మహాసముద్రములో మునిగిన టైటానిక్ ఓడను ఎరుగనివారుండరు. అందు ప్రయాణించిన కోటీశ్వరుల కథలను లోకము వంద సంవత్సరాలుగా చెప్పుకొనుచున్నది. గుంటూరు లూథరన్ మిషనుకు చెందిన బెకర్ కుటుంబములోని తల్లి, ముగ్గురు బిడ్డలు అదే ఓడ నుండి ప్రాణాలతో బయటపడిన సంగతి మన తెలుగువారిలో కొందరికైనను తెలియును. మేము ఈనాడు స్మరింపగోరునది మన వృత్తివారిని.

ఆ ఓడ పేరునకు ముందు ఆర్.ఎం.ఎస్. అని యుండెడిది. మనకది రైల్వే మెయిల్ సర్వీసు. అక్కడ రాయల్ మెయిల్ ఓడ. అందులో 3,364 తపాలా సంచులు, వానిని విడదీయుటకు ఐదుగురు గుమాస్తాలు ఉండిరి. ముగ్గురు అమెరికనులు, ఇద్దరు బ్రిటిషువారు. మంచుకొండ తగిలిన కొద్ది నిమిషములకే సంచుల గదిలోనికి నీరు వచ్చినది. వారు రిజిస్టరు తపాలా సంచులను సుమారు రెండు వందలు పై అంతస్తులకు మోయ పూనుకొనిరి. ఐదుగురిలో ఒక్కరును మిగులలేదు.

వారిలో జాన్ స్టార్ మార్చ్ న్యూయార్కు చెంతనున్న నెవార్క్ నివాసి. భార్య అప్పటికే గతించినది. ఓడ కొలువు మానుకొమ్మని ఇద్దరు కుమార్తెలును బ్రతిమాలుచుండిరి. ఆయన మానలేదు. శవము దొరికినది. జేబు గడియారము 1 గంట 27 నిమిషముల వద్ద ఆగియున్నది.

తల్లిదండ్రులిద్దరిని కోల్పోయిన ఆ కుమార్తెలకు సర్కారు ఏమి చేయవలెను? అమెరికా పోస్టుమాస్టర్ జనరల్ హిచ్‌కాక్ ఒక్కొక్క కుటుంబమునకు 2,000 డాలర్లు సిఫారసు చేసెను. ఆ అంకె ఎక్కడిది? విధిలో మరణించిన రైలు తపాలా గుమాస్తా కుటుంబమునకు నాటి చట్టము అనుమతించిన గరిష్ఠ మొత్తమది. రైలువారికి ముందే దక్కిన హక్కు ఓడవారికి కొలబద్ద అయినదన్నమాట. రైల్వే, తపాలా సోదరులు ఒకే వేదికపై కూర్చున్న ఈ సభలో ఈ సంగతిని నొక్కి చెప్పుచున్నాము.

అదే ఓడలో ఎనిమిదిమంది వాద్యగాండ్రు కూడ మరణించిరి. వారిని కుదిర్చినది ఒక ఏజెన్సీ. కావున వారు తన ఉద్యోగులు కారని ఓడ కంపెనీ చేతులు దులుపుకొన్నది. జాక్ హ్యూమ్ అను ఇరువది యొక్క ఏండ్ల ఫిడేలు కళాకారుని తండ్రికి, సుమారు రెండు వారములకే, కుమారుని యూనిఫారము బాకీ 14 షిల్లింగుల 7 పెన్సులు చెల్లింపుమని ఆ ఏజెన్సీ జాబు వ్రాసినది! వాద్యకారుల సంఘము ఆ జాబును తన పత్రికలో యథాతథముగా అచ్చువేసి లోకమునకు చూపినది. సంఘ పత్రికలు చేయదగిన పని అది.

రోల్సుపై ఉన్నవానికి ఒక న్యాయము, కాంట్రాక్టువానికి మరొక న్యాయము. ఇది మనకు కొత్తకాదు. మన స్టేషనులలో పార్సిళ్ళు మోయువారిలో, బోగీలు కడుగువారిలో కాంట్రాక్టరు మనుషులెందరు? వారిలో ఎవరైన పనిలో మరణించినచో ఆ ఇంటికి ఏమి అందుచున్నది? రైల్ భవన్, డాక్ భవన్ రెండును చేరువనున్న ఈ నగరములో ఈ ప్రశ్నను అడుగుటకు దూరము పోనక్కరలేదు, వివరములు చేతనుండవలెను. ప్రతి శాఖయు తన పరిధిలో విధిలో మరణించినవారి జాబితాను, పర్మనెంటు, కాంట్రాక్టు భేదము లేక, వారి కుటుంబములకు అందినదెంత, అందవలసినదెంత అను లెక్కతో కేంద్ర కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము.